నాలుగు కుర్చీల ఆట

సరుకు కొరతనూ, సరుకు గుట్టలనూ ఒకే బల్ల మీద, గంటన్నరలో పుట్టించి చూపే ఆట ఒకటుంది. పుట్టి అరవై ఏళ్లు దాటినా, సరఫరా గొలుసు గురించి చెప్పే తరగతుల్లో దానికి సాటి వచ్చే పాఠం ఇంకా రాలేదు.

ఆట ఆపేశాక అధ్యాపకుడు తలా ఒక కాగితం ఇస్తాడు. ‘దుకాణానికి వచ్చినవాళ్లు వారం వారం ఎన్ని కేసులు అడిగి ఉంటారో గీత గీసి చూపండి’ అంటాడు. రిటైలరు కుర్చీలో కూర్చున్నవారికి జవాబు తెలుసు కాబట్టి వారు ఊరుకోవాలి. మిగతావారు గీస్తారు. ఫ్యాక్టరీ నడిపినవారి కాగితం మీద గీత కొండంత లేచి లోయలోకి దిగుతుంది. హోల్‌సేలరు గీసిన దాంట్లోనూ అలలే. ఏదో పండగ సీజన్ వచ్చి ఉంటుందని, ఆ తర్వాత గిరాకీ పడిపోయి ఉంటుందని గట్టిగా వాదిస్తారు.

అప్పుడు అధ్యాపకుడు కొనుగోలుదారుల కార్డుల కట్ట తిప్పి చూపిస్తాడు. మొదటి నాలుగు వారాలు నాలుగేసి కేసులు. ఐదో వారం నుంచి చివరిదాకా ఎనిమిదేసి. అంతే. సీజన్ లేదు, పండగ లేదు. గిరాకీ ఒక్కసారి ఒక మెట్టెక్కి అక్కడే నిలబడిపోయింది. ఇంతసేపూ బల్ల మీద నడిచిన అల్లకల్లోలమంతా చుట్టూ కూర్చున్నవారి చేతుల్లోంచి వచ్చిందే.

దీని పేరు బీర్ గేమ్. అమెరికాలో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూల్లో 1960 ప్రాంతంలో పుట్టింది. బీరు ఒక సాకు మాత్రమే. ఆ చోట సబ్బులు రాసుకున్నా, పళ్లరసం రాసుకున్నా, మందుల పెట్టెలు రాసుకున్నా ఆట మారదు.

పొడవాటి బల్ల మీద ఒక బోర్డు పరుస్తారు. ఒక కొసన రిటైలరు, ఆ పక్కన హోల్‌సేలరు, తర్వాత డిస్ట్రిబ్యూటరు, రెండో కొసన ఫ్యాక్టరీ. ఒక్కో బిళ్ల ఒక్కో కేసు. ప్రతి గోదాములోనూ మొదట 12 కేసులుంటాయి. ప్రతి వారం ఆటగాడు ఒకే ఒక్క నిర్ణయం తీసుకుంటాడు: తనకు సరుకిచ్చే పైవాడికి ఎన్ని కేసులకు ఆర్డరు పెట్టాలి? అంకె చీటీ మీద రాసి, బోర్లించి పక్కకు తోస్తాడు. ఆ చీటీ పైవాడి చేతికి చేరి లెక్కలోకి రావడానికి రెండు వారాలు, సరుకు కిందికి రావడానికి మరో రెండు వారాలు. గోదాములో నిలిచిపోయిన ప్రతి కేసుకూ వారానికి అర డాలరు ఖర్చు. అడిగితే ఇవ్వలేక బాకీపడ్డ ప్రతి కేసుకూ డాలరు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. నలుగురి ఖర్చూ కలిపి ఏ బల్లకు తక్కువైతే ఆ బల్ల గెలిచినట్టు. గెలుపు జట్టుదని ఆట మొదట్లోనే స్పష్టంగా చెబుతారు. అయినా పది వారాలు తిరిగేసరికి ఎవరి గోదాము వారిదైపోతుంది.

రిటైలరు కుర్చీలో మీరున్నారనుకోండి. నాలుగు వారాలు ప్రశాంతంగా గడిచాయి. నాలుగు కేసులు వచ్చాయి, నాలుగు పోయాయి. ఐదో వారం కార్డు తిప్పితే ఎనిమిది. ఎప్పటిలాగే నాలుగు వచ్చాయి, ఎనిమిదీ ఇచ్చేశారు, గోదాములో 12 కాస్తా 8 అయ్యాయి. ఈ వారానికే పెరిగిందో, ఇక ఇంతేనో తెలియదు. ఎందుకైనా మంచిదని 8 కేసులకు ఆర్డరు రాశారు. ఆరో వారం మళ్లీ 8. మీ దగ్గర మిగిలినవి 4. ఈసారి 10 రాశారు. ఏడో వారానికి గోదాము ఖాళీ. 14 రాశారు. ఎనిమిదో వారం వచ్చినవి 4, అడిగినవి 8. మొదటిసారి బాకీ పడ్డారు. ఐదో వారంలో పెట్టిన ఆర్డరు ఇంకా రాలేదు. హోల్‌సేలరు నిద్రపోతున్నాడా అని ఒళ్లు మండింది. 20 రాశారు.

ఒకసారి కూడి చూడండి. 8, 10, 14, 20 కలిపితే 52 కేసులు దారిలో ఉన్నాయి. అందులో ఒక్క కేసూ మీ దాకా రాలేదు కాబట్టి అవి మీ మనసులో లేవు. కళ్లముందు ఖాళీ గోదాము ఒక్కటే ఉంది. ఇంకా రాయాలనిపిస్తుంది.

అవతల హోల్‌సేలరుకు మీ కొనుగోలుదారులు కనపడరు. అతనికి వరసగా వచ్చిన చీటీలు 8, 10, 14, 20. ఎగబాకే గిరాకీ అది, అతని కళ్లకు. అతనూ తెలివైనవాడే, రేపటికి సిద్ధంగా ఉండాలని ఇంకాస్త కలిపి రాస్తాడు. డిస్ట్రిబ్యూటరు దానికి ఇంకాస్త కలుపుతాడు. ఫ్యాక్టరీకి చేరేసరికి నాలుగు కేసుల పెరుగుదల ముప్పై, నలభై కేసుల కేక అవుతుంది. ఆ కేక విని ఫ్యాక్టరీ తయారుచేసిన సరుకంతా కొన్ని వారాల తర్వాత వరదలా కిందికి దిగుతుంది. అప్పటికి అందరి బాకీలూ తీరిపోతాయి. ఇక ఎవరికీ ఏమీ వద్దు. చీటీల మీద సున్నా, మళ్లీ సున్నా. గోదాము గడిలో బిళ్లలు గుట్టలుగా పోసి ఉంటాయి. కాసేపటి క్రితం సరుకో రామచంద్రా అన్నవారే ఇప్పుడు వచ్చే సరుకును ఆపలేక తలపట్టుకుంటారు.

ఎంఐటీ ఆచార్యుడు జాన్ స్టెర్మన్ ఈ ఆటను ప్రయోగంగా మలిచి 1989లో ఫలితాలు ప్రకటించారు. జట్లకు సగటున అయిన ఖర్చు 2,028 డాలర్లు. నిదానంగా లెక్కవేసి ఆడి ఉంటే 204 డాలర్లతో తేలిపోయేది. పదిరెట్ల నష్టమన్నమాట. రిటైలరు ఆర్డర్లు గరిష్ఠంగా సగటున 15కు చేరితే, ఫ్యాక్టరీ దగ్గర అవి రెట్టింపు దాటాయి. ఆటగాళ్లు ఎక్కడ తప్పుతున్నారో కూడా స్టెర్మన్ అంకెలతో పట్టుకున్నారు. ఆర్డరు రాసేటప్పుడు వారి దృష్టి గోదాములో ఉన్న నిల్వ మీదే ఉంది. ఇప్పటికే ఆర్డరిచ్చి దారిలో ఉన్న సరుకును దాదాపు లెక్కలోకే తీసుకోలేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. తరగతుల్లో చాలాచోట్ల దీన్ని దాటేస్తారు. ఆర్డరు పెంచడమే తప్పని ఈ ఆట చెప్పడం లేదు. వారానికి నాలుగు కేసులు నడిచినప్పుడు, నాలుగు వారాల దారిలో 16 కేసులుండేవి. ఎనిమిది నడవాలంటే దారిలో 32 ఉండాలి. అంటే ఆ దారి నిండడానికే 16 కేసులు అదనంగా అడగాలి. ఖర్చయిపోయిన నిల్వను తిరిగి నింపడానికి ఇంకొన్ని. కాబట్టి కొంతకాలం ఎనిమిదికి మించి రాయక తప్పదు. అలా ఒకసారి అడిగింది అడిగినట్టు గుర్తుపెట్టుకుని, అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోగలగాలి. ఈ నిగ్రహం ఏ సూత్రం బట్టీపట్టినా రాదు. ఖాళీ గోదామును చూస్తూ కూర్చున్నప్పుడు పెన్ను ఎటు లాగుతుందో స్వయంగా ఎరిగినవారికే దాని విలువ తెలుస్తుంది. ఈ ఆటను నేను ఇంతగా వెనకేసుకురావడానికి కారణం ఇదే.

కెంటకీ నుంచి వచ్చిన ప్రశ్న

ఈ ఆట వెనక ఉన్న మనిషి జే ఫారెస్టర్. నెబ్రాస్కాలో పశువుల రాంచ్‌లో పెరిగిన ఇంజినీరు. తొలితరం కంప్యూటర్లలో పేరున్న వర్ల్‌విండ్‌ను నిర్మించినవారు. అందులో వాడిన అయస్కాంత కోర్ మెమరీ ఆయన చేసిందే. అంత చేసి, 1956లో ఎంఐటీ మేనేజ్‌మెంట్ స్కూలుకు మారారు. ఇంజినీరింగ్ మనిషి అక్కడేం చేయాలో తేల్చుకోకముందే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారితో మాటల్లో ఒక ప్రశ్న ఎదురైంది. కెంటకీలో గృహోపకరణాలు తయారుచేసే తమ ప్లాంట్లు కొన్నేళ్లు మూడు, నాలుగు షిఫ్టులు నడుస్తాయి, తర్వాత కొన్నేళ్లకు సగం మందిని ఇంటికి పంపాల్సి వస్తుంది, ఎందుకు? దేశంలో వ్యాపారపు హెచ్చుతగ్గుల వల్లే అనేది అందరూ చెప్పే జవాబు. ఫారెస్టర్‌కు అది రుచించలేదు.

ఆర్డర్లు, నిల్వలు, కార్మికుల సంఖ్య అని నోటుబుక్కులో గళ్లు గీసుకుని, అక్కడి మేనేజర్లు చెప్పిన పద్ధతి ప్రకారమే వారం వారం ఎంతమందిని తీసుకుంటారో పెన్సిలుతో లెక్క వేస్తూ పోయారు. వచ్చే ఆర్డర్లు స్థిరంగా ఉన్నా కార్మికుల సంఖ్య మాత్రం ఊగిసలాడింది. ఉద్యోగాలు ఊడగొడుతున్నది బయటి మార్కెట్ కాదని, కంపెనీ తన సొంత నిర్ణయాలతోనే తన మనుషులను తీసుకుంటూ, తీసేస్తూ ఉందని ఆ పేజీ చెప్పింది. ఆ లెక్కే 1961లో ‘ఇండస్ట్రియల్ డైనమిక్స్’ పుస్తకమైంది. ఆ బోధనే బల్ల మీదికి దిగి ఆటయింది. 1990లో పీటర్ సెంగే ‘ది ఫిఫ్త్ డిసిప్లిన్’లో ఈ ఆటను కథగా చెప్పాక మేనేజ్‌మెంట్ లోకమంతా పాకింది.

తరగతి గదిలో జరిగేది బయటా జరుగుతోందని తేల్చింది డైపర్లు తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ. పసిపిల్లలు డైపర్లు వాడే తీరులో హెచ్చుతగ్గులేముంటాయి? దుకాణాల్లో అమ్మకాలు కూడా దాదాపు నిలకడగానే ఉన్నాయి. కానీ డిస్ట్రిబ్యూటర్ల నుంచి వచ్చే ఆర్డర్లు ఊగుతున్నాయి. కంపెనీ తన ముడిసరుకుకు పెట్టే ఆర్డర్లు ఇంకా ఎక్కువ ఊగుతున్నాయి. పిడి దగ్గర చిన్న కదలిక కొసన పెద్ద విసురయ్యే కొరడాను గుర్తుచేసుకుని దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అన్నారు. హౌ లీ, వి. పద్మనాభన్, సుంగ్‌జిన్ వాంగ్ 1997లో దీని కారణాలను విడమరిచారు. కిందివాడి ఆర్డర్లను బట్టే రేపటి అంచనా వేసుకోవడం, ఆర్డర్లను పోగేసి ఒకేసారి పెట్టడం, డిస్కౌంట్ ఇచ్చినప్పుడు ఎగబడి కొనడం, కొరత ఉందని తెలియగానే కావాల్సిన దానికన్నా ఎక్కువ రాయడం. చివరిది మనవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ‘పది అడిగితే ఐదిస్తాడు కాబట్టి ఇరవై రాయి’ అనే మాట వినని స్టోర్ రూమ్ ఉండదు.

మాట్లాడుకోనిస్తే చాలదా?

ఆట చూసినవారందరికీ మొదట తట్టే సందేహం ఇదే. మాట్లాడవద్దన్నందుకే ఇంత గొడవ, సమాచారం పంచుకుంటే సరిపోతుంది కదా. పరిశోధకులకూ తట్టింది. రేచల్ క్రోసన్, కారెన్ డొనోహ్యూ 2006లో ప్రకటించిన ప్రయోగంలో, గిరాకీ ఏ హద్దుల మధ్య ఉంటుందో నలుగురికీ ముందే చెప్పి ఆడించారు. అయినా అలలు లేచాయి. ఎవరి దగ్గర ఎంత నిల్వ ఉందో అందరికీ చూపించినప్పుడు పైస్థాయిలో ఊపు కొంత తగ్గింది, పోలేదు. ఆ తర్వాత స్టెర్మన్, ఎలెనా కాటోక్‌లతో కలిసి ఇంకో మెట్టు ముందుకు వెళ్లారు. గిరాకీ ఎప్పుడూ మారదు, వారానికి నాలుగే అని అందరికీ చెప్పేశారు. 2014లో వచ్చిన ఆ ఫలితం చదివితే గుండె కలుక్కుమంటుంది. అయినా ఆర్డర్లు ఊగాయి. గిరాకీ మీద సందేహం లేకపోయినా, పక్క కుర్చీలోవాడు సరిగ్గా ఆడతాడన్న నమ్మకం లేకపోతే చాలు. ‘వాడు కంగారుపడి ఎక్కువ రాస్తాడేమో, నేను ముందే జాగ్రత్తపడతా’ అన్న ఆలోచన ఒక్కటి చాలు.

కాబట్టి కంపెనీకి కొత్త సాఫ్ట్‌వేర్ కొనిపెట్టగానే ఈ జబ్బు నయమవుతుందని చెప్పేవారిని నేను నమ్మను. తెర మీద అంకెలు అందరికీ కనిపించడం అవసరమే. వాటిని చూసే మనిషికి దారిలో ఉన్న సరుకును లెక్కపెట్టే అలవాటు, పక్కవాడి మీద భరోసా కూడా ఉండాలి.

హైదరాబాద్, 2021

ఈ గొలుసు మన ఇంటిముందే తెగిన రోజులు మరవలేం. 2020 చివరికి కరోనా కేసులు తగ్గుముఖం పట్టాయి. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ అడిగేవారు తగ్గడంతో కంపెనీలు తయారీ తగ్గించాయి. హెటెరో, డాక్టర్ రెడ్డీస్ సహా దేశంలో ఈ మందు చేసే అనుమతి ఉన్న కంపెనీలు ఏడు. ఏప్రిల్ వచ్చేసరికి రెండో అల విరుచుకుపడింది. ప్రిస్క్రిప్షన్ చేతబట్టుకుని ఒక మెడికల్ షాపు నుంచి ఇంకో షాపుకు తిరిగిన కుటుంబాలు హైదరాబాద్‌లో, విజయవాడలో, ప్రతి జిల్లా కేంద్రంలో ఉన్నాయి. ఇంజెక్షన్ తయారయ్యే ఊళ్లోనే ఇంజెక్షన్ దొరకలేదు. ఏప్రిల్ 11న కేంద్రం ఎగుమతులు నిషేధించింది. ఆనాటికి దేశంలో రోజుకు 33 వేల వయల్స్ తయారవుతున్నాయని, మే 29 నాటికి అది 3 లక్షల 50 వేలకు చేరిందని, ప్లాంట్లు 20 నుంచి 60 అయ్యాయని కేంద్రమే చెప్పింది. అదే ప్రకటనలో ఇంకో మాట కూడా ఉంది: గిరాకీ కన్నా సరఫరా ఎక్కువైంది కాబట్టి రాష్ట్రాలకు కేటాయింపులు ఆపేస్తున్నాం. దేశంలో రోజువారీ కేసులు గరిష్ఠానికి చేరింది మే మొదటి వారంలో. సరుకు పూర్తిగా అందివచ్చేసరికి అల దిగిపోతోంది.

ఆ విషాదమంతా బోర్డు ఆటే అనడం అన్యాయం. రోగులు నిజంగానే పెరిగారు, ఊహకందనంతగా పెరిగారు. కానీ గిరాకీ తగ్గగానే చేతులు దులుపుకోవడం, మళ్లీ లేవగానే ప్రతి ఆసుపత్రీ ముందుజాగ్రత్తకు కాస్త ఎక్కువ రాయడం, పెరిగిన ఉత్పత్తి అవసరం దాటాక చేరడం, ఈ మూడూ ఆ బల్ల మీద ఎవరైనా చూసే వరసే.

టమాటాదీ ఇదే వరస. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో 150 రూపాయలు దాటిన టమాటా, సెప్టెంబరు ముగిసేసరికి కోత కూలి కూడా గిట్టని ధరకు పడిపోయింది. నారు నాటాక తొలి కోతకు రెండు నెలలు పైనే పడుతుంది. ఆ రెండు నెలల్లో ఎన్ని ఎకరాలు నాట్లు పడ్డాయో రైతుకు కనపడదు, ఆ రోజు ధర బోర్డు కనపడుతుంది. దారిలో ఉన్న సరుకు ఇక్కడ పొలాల్లో పచ్చగా నిలబడి ఉంది, ఎవరూ లెక్కపెట్టలేదు. రైతును తొందరపాటు మనిషి అని తిట్టేవారు ఒకసారి రిటైలరు కుర్చీలో కూర్చుని ఆడాలి.

కంప్యూటర్ ఆటలు, కాగితం ఆటలు

సరఫరాను ఆటగా నేర్పడం ఒక్క బీర్ గేమ్‌తోనే మొదలవలేదు. 1955లోనే ర్యాండ్ సంస్థ అమెరికా వాయుసేన విడిభాగాల సరఫరా మీద మోనోపొలాగ్స్ అనే ఆట తయారుచేసింది. ఇప్పుడైతే వెబ్‌లో నడిచేవి బోలెడు. నెదర్లాండ్స్‌లో పుట్టిన ‘ది ఫ్రెష్ కనెక్షన్’లో నష్టాల్లో ఉన్న పళ్లరసం కంపెనీని నలుగురి చేతిలో పెడతారు, కొనుగోళ్లు ఒకరివి, ఉత్పత్తి ఒకరిది, అమ్మకాలు ఒకరివి, సరఫరా ఒకరిది. పెట్టుబడి మీద రాబడితో గెలుపు తేలుస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో సునీల్ కుమార్, శామ్యూల్ వుడ్ రూపొందించిన ‘లిటిల్‌ఫీల్డ్’లో ఒక ఫ్యాక్టరీ రాత్రీపగలూ నడుస్తూనే ఉంటుంది, విద్యార్థి నిద్రలేచి చూసేసరికి ఏ యంత్రం ముందో పని పేరుకుపోయి ఉంటుంది.

ఇవన్నీ మంచివే. యంత్రాల సామర్థ్యం, క్యూలు, నగదు వంటి విషయాలు నేర్పడంలో బీర్ గేమ్ వీటికి చాలదు. కానీ మొదటిసారి నేర్చుకునేవారికి నా ఓటు బోర్డుకే. కంప్యూటర్‌లో ‘నిల్వ 87’ అన్న అంకె కనిపిస్తే కన్ను దాన్ని దాటి పోతుంది. ఎనభై ఏడు బిళ్లలు చేత్తో లెక్కపెట్టి గడిలో సర్దాల్సి వచ్చినప్పుడు అది మనసులో నాటుకుంటుంది. ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. చార్టు కాగితం, క్యారమ్ కాయినో చింతగింజో ఏదైనా, చీటీలు, లెక్క రాసుకునే షీట్లు. ఏ డిగ్రీ కాలేజీకైనా ఇది భారం కాదు. మన బీబీఏ, ఎంబీఏ తరగతుల్లో ఇంకా స్లైడు మీద నాలుగు బాణాలు గీసి సరఫరా గొలుసు పాఠం ముగించేస్తుంటే బాధేస్తుంది.

ఆడించేవారికి మాత్రం ఒక హెచ్చరిక. ఆటకు గంటన్నర ఇస్తే, ఆ తర్వాతి మాటకు కూడా అంతే సమయం ఇవ్వాలి. సమయం చాలదని దాన్ని కుదిస్తే విద్యార్థులు నవ్వుకుంటూ క్యాంటీన్‌కు వెళ్తారు, ‘మా హోల్‌సేలరు వట్టి మొద్దు’ అన్నది ఒక్కటే గుర్తుంటుంది. మొదట వారి కోపం బయటికి రానివ్వాలి. ఎవరి వల్ల నష్టపోయారని అడిగితే వేళ్లన్నీ పక్క కుర్చీ వైపే చూపిస్తాయి. తర్వాత అన్ని బల్లల ఆర్డర్ల గ్రాఫులూ గోడకు అంటించాలి. వేర్వేరు మనుషులు ఆడిన బల్లలన్నిటిలోనూ అలలు ఒకేలా ఉంటాయి. తన హోల్‌సేలరే మొద్దు అనుకున్నవాడికి అన్ని బల్లల హోల్‌సేలర్లూ అలాగే ఆడారని కనపడుతుంది. అక్కడ గది కాస్త నిశ్శబ్దమవుతుంది. కార్డుల కట్ట తిప్పి చూపాల్సింది అప్పుడు. ఆ తర్వాత కుర్చీలు మార్చి, దారిలో ఉన్న సరుకును రాసుకోవడానికి షీటులో ఒక గడి అదనంగా ఇచ్చి, ఇంకోసారి ఆడించాలి. ఆ ఒక్క గడితో ఎంత తేడా వస్తుందో వారే లెక్కవేసుకుంటారు.

ఈ ఆట కాలేజీల్లోనే ఆగిపోవడం కూడా నాకు నచ్చదు. మన ప్రభుత్వ వైద్యంలో మందుల దారి చూడండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టు ఇండెంట్ పెడతాడు. అది జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థకు, అక్కడి నుంచి కంపెనీకి. సరిగ్గా నాలుగు కుర్చీలు. ఆర్డరుకూ సరుకుకూ మధ్య వారాలు కాదు, ఒక్కోసారి నెలలు. నిల్వల లెక్క చూసుకోవడానికి ఈ-ఔషధి లాంటి ఏర్పాట్లు వచ్చాయి, మంచిదే. వాటితోపాటు ఒక్క పూట ఆ నలుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. సెలైన్ బాటిళ్లో, పారాసిటమాల్ స్ట్రిప్పులో పేరు పెట్టి, వర్షాకాలం జ్వరాల కార్డుల కట్ట తయారుచేసి ఆడించాలి. ఫార్మసిస్టును రాష్ట్ర సంస్థ అధికారి కుర్చీలో, అధికారిని ఫార్మసిస్టు కుర్చీలో కూర్చోబెడితే ఇంకా మంచిది. ఖాళీ అయిన అలమర ముందు నిలబడి రోగికి జవాబు చెప్పుకోవడం ఏమిటో అధికారికి, పదిమంది ఎక్కువెక్కువ రాసిన ఇండెంట్లలోంచి అసలు అవసరం ఎంతో వెతకడం ఏమిటో ఫార్మసిస్టుకు ఆ పూటలోనే అర్థమవుతుంది. సీజన్ మొదలవకముందే, జూన్ నాటికి ప్రతి జిల్లాలో ఒకసారి ఆడించగలిగితే బాగుంటుంది. దీనికి ప్రత్యేక బడ్జెట్, కొత్త టెండరు ఏమీ అక్కర్లేదు.